మధ్యాహ్నానికే ఫౌండేషన్ జారిపోతోంది.. జిడ్డు చర్మానికి ఏం చేయాలి?

ప్రశ్న: నా వయసు 26. మాది గుంటూరు బ్రాడీపేట. విజయవాడ బీసెంట్ రోడ్డులోని ఒక చీరల షోరూమ్‌లో పనిచేస్తున్నాను. మేకప్ తప్పనిసరి. ఉదయం 8 గంటలకు ఇంట్లో ఫౌండేషన్ వేసుకుని బస్సెక్కితే మధ్యాహ్నానికి ముక్కు పక్కల విడిపోతోంది, ముఖం నల్లబడినట్టు కనిపిస్తోంది. పైన పౌడర్ అద్దితే ముద్ద కడుతోంది. రోజుకు ఐదుసార్లు సబ్బుతో కడిగినా జిడ్డు తగ్గడం లేదు. ఈమధ్య గడ్డం మీద మొటిమలు కూడా వస్తున్నాయి. సలహా ఇవ్వండి.

జవాబు: ముందుగా ఇంట్లో ఫౌండేషన్ వేసుకోవడం మానేయండి. గుంటూరు నుంచి విజయవాడకు దాదాపు 35 కిలోమీటర్లు బస్సులో రావాలి. మన కోస్తా గాలిలో తేమ ఎక్కువ కాబట్టి పట్టిన చెమట త్వరగా ఆరదు. ఫౌండేషన్ పొర కుదురుకునేలోపే దాని కింద చెమట పడితే చారలు కడుతుంది, ఆపైన జిడ్డు చేరితే జారుతుంది. ఇంటి దగ్గర మాయిశ్చరైజర్, సన్‌స్క్రీన్ వరకే రాసుకుని రండి. షోరూమ్‌కి చేరాక ఏసీలో పావుగంట కూర్చుని, మెత్తటి టిష్యూతో చెమట అద్దేసి, అప్పుడు ఫౌండేషన్ వేసుకోండి. మీ ఇబ్బందిలో చాలా భాగం ఈ ఒక్క మార్పుతోనే తగ్గుతుంది.

ముఖం నల్లబడినట్టు అనిపించడం గురించి కంగారు వద్దు. చీర తడిస్తే రంగు ముదురుగా కనిపిస్తుంది కదా, ఇదీ దాదాపు అంతే. ఫౌండేషన్‌లోని రంగు రేణువులు జిడ్డులో తడిస్తే వాటి మీద పడిన వెలుతురు తిరిగివచ్చే తీరు మారుతుంది. చర్మానికి ఏమీ కాలేదు. అందుకే షేడ్ కొనేటప్పుడు దవడ మీద రాసి, కనీసం అరగంట బయట తిరిగి, పగటి వెలుతురులో చూశాకే తీసుకోండి. దుకాణంలోని లైట్ల కింద, రాసిన వెంటనే చూసి కొనడం వల్లే ఎక్కువమంది మోసపోతున్నారు.

ఐదుసార్లు సబ్బుతో కడగడం ఈరోజే ఆపేయండి. జిడ్డు పుట్టేది చర్మం లోపలి తైల గ్రంథుల్లో. వాటిని నడిపించేది హార్మోన్లు. పైన ఎంత కడిగినా గ్రంథి పని ఆగదు, కొన్ని గంటల్లో జిడ్డు మళ్లీ వస్తుంది. సబ్బు మాత్రం చర్మం పైపొరను దెబ్బతీస్తుంది. అలా పొడిబారి లేచిన పొట్టు మీద ఫౌండేషన్ పట్టుకుని పెచ్చులుగా కనిపిస్తుంది. అంటే ఒకే ముఖం మీద పొట్టూ, జిడ్డూ రెండూ ఉంటాయి. ముక్కు పక్కల మీకు జరుగుతున్నది బహుశా ఇదే. ఉదయం ఒకసారి, రాత్రి ఒకసారి కడిగితే చాలు. ఉదయానికి 2 శాతం సాలిసిలిక్ యాసిడ్ ఉన్న ఫేస్‌వాష్ వాడండి. మంట అనిపిస్తే రోజు విడిచి రోజు చాలు. నిమ్మరసం, గరుకు స్క్రబ్ ముఖానికి వద్దే వద్దు.

కడిగాక తుడవకుండా అద్దుకుని, జెల్ మాయిశ్చరైజర్ బఠాణీ గింజంత రాయండి. జిడ్డు చర్మానికి మాయిశ్చరైజర్ ఎందుకని చాలామంది మానేస్తారు. పొట్టు లేవకుండా ఆపేది అదే. ఆపైన ఎస్పీఎఫ్ 30 లేదా 50 ఉన్న జెల్ సన్‌స్క్రీన్, చూపుడు వేలు, మధ్య వేలు పొడవునా రెండు గీతలంత. ఫౌండేషన్ డబ్బా మీద ఎస్పీఎఫ్ రాసి ఉన్నా అది సరిపోదు. రక్షణ ఇచ్చేంత మోతాదులో ఫౌండేషన్ ఎవరూ పూసుకోరు.

ఇక ఫౌండేషన్. ఆయిల్ ఫ్రీ, మ్యాట్ (మెరుపు లేనిది), నాన్ కొమెడోజెనిక్ (చర్మ రంధ్రాలను మూసేయనిది) అని ఉన్నది ఎంచుకోండి. చివరి మాటకు గట్టి ప్రమాణాలేమీ లేవు గానీ, వెతకడానికి మంచి గుర్తే. ఫౌండేషన్ కింద రాసే ప్రైమర్ ముఖమంతా అక్కర్లేదు. ముక్కు, దాని పక్కలు, నుదుటి మధ్య భాగం, గడ్డం వరకు పలుచగా చాలు. ప్రైమర్, ఫౌండేషన్ ఒకదానికొకటి పడకపోతే రబ్బరుతో చెరిపినప్పుడు వచ్చే పొట్టులా ఉండలు కడతాయి. కొత్తది కొన్నప్పుడు రెండింటినీ ఒక్కో చుక్క చేతి వెనక కలిపి చూడండి. విడిపోతే ఆ జంటను ముఖానికి తేవద్దు.

ముఖం మొత్తానికి బఠాణీ గింజంత ఫౌండేషన్‌తో మొదలుపెట్టండి. స్పాంజిని తడిపి, గట్టిగా పిండి, మధ్య నుంచి అంచులకు అద్దుకుంటూ వెళ్లండి. రుద్దితే కింద ఉన్న సన్‌స్క్రీన్ లేచిపోతుంది. మచ్చ ఉన్నచోట మాత్రమే రెండో పొర. ముక్కు మీద అన్నిటికన్నా పలుచగా ఉండాలి, ఎందుకంటే ముందుగా జారేది అక్కడే. రెండు నిమిషాలు ఆగి, రంగులేని లూజ్ పౌడర్‌ను పఫ్‌తో నొక్కండి, అదీ జిడ్డు తేలే చోట్లలోనే.

మధ్యాహ్నం పౌడర్ ముద్ద కట్టడానికి కారణం, దాన్ని జిడ్డు మీదే వేయడం. పిండిలో నూనె పోసినట్టే అవుతుంది. ముందు బ్లాటింగ్ పేపర్ కానీ, పొర విడదీసిన టిష్యూ కానీ ఐదు పది సెకన్లు నొక్కి పట్టండి. జిడ్డు తీశాకే, అవసరమైతే కొద్దిగా పౌడర్. మళ్లీ ఫౌండేషన్ మాత్రం వేయొద్దు.

రాత్రి ఎంత అలసిపోయినా మేకప్‌తో పడుకోకండి. దూదిని మేకప్ తీయడానికి వాడే మైసెల్లార్ వాటర్‌లో తడిపి, పది సెకన్లు ఆనించి, మెల్లగా లాగి, తర్వాత ఫేస్‌వాష్‌తో కడగండి. మొటిమలున్న ముఖానికి కొబ్బరినూనెతో మేకప్ తీయడం మంచిది కాదు. తలకు నూనె పెట్టినరోజు అది నుదుటి మీదకు జారకుండా చూసుకోండి. స్పాంజిని వాడిన ప్రతిసారీ సబ్బుతో కడిగి, గాలికి ఆరబెట్టాలి. తడి స్పాంజిని డబ్బాలో మూసిపెడితే బూజు పడుతుంది.

గడ్డం మీది మొటిమల సంగతి విడిగా చూడాలి. 4 లేదా 5 శాతం నియాసినమైడ్ సీరమ్ రాత్రిపూట రెండు నెలలు వాడి చూడవచ్చు. తగ్గకపోతే అడాపలీన్ 0.1 శాతం జెల్ లాంటివి ఉన్నాయి, కానీ డాక్టర్ చూశాకే మొదలుపెట్టాలి. గర్భం ఉన్నా, ఆ ఆలోచనలో ఉన్నా అవి వాడకూడదు. నెలసరి క్రమం తప్పుతున్నా, గడ్డం మీద, పైపెదవి మీద ముతక వెంట్రుకలు వస్తున్నా పీసీఓఎస్ (హార్మోన్ల తేడాతో అండాశయాలకు వచ్చే సమస్య) ఉందేమో పరీక్షలు చేయించుకోండి. నుదుటి మీద ఒకే సైజులో దురదపెట్టే చిన్న పొక్కులుంటే అవి ఫంగస్ వల్ల కావచ్చు, వాటికి మొటిమల మందు పనిచేయదు.

తోటి ఉద్యోగులు ఎవరైనా రంగు తేలుతుందని ఏదైనా క్రీమ్ ఇస్తే, ట్యూబు మీద పేర్లు చదవండి. బీటామెథసోన్, క్లోబెటసాల్, మొమెటసోన్ అన్నవి స్టెరాయిడ్లు. మొదటి వారం ముఖం నున్నగా కనిపిస్తుంది. నెలలు గడిచేకొద్దీ చర్మం పలుచనై, ఎర్రబడి, మొటిమలు విరగబూస్తాయి. ఇప్పటికే అలాంటిది వాడుతుంటే, ఒక్కసారిగా ఆపితే మంట, ఎరుపు ఎక్కువయ్యే అవకాశం ఉంది కాబట్టి ఆ ట్యూబును వెంట తీసుకుని చర్మవ్యాధుల నిపుణుల దగ్గరకు వెళ్లండి.