గాజులమండ్యంలో ఫ్యాబ్రికేషన్ యూనిట్‌లో చేరుతున్నాను, ఆటోక్యాడ్ ఒక్కటి చాలా, సాలిడ్‌వర్క్స్ కూడా నేర్చుకోవాలా?

తమ్ముడూ, నువ్వు అడిగింది ఇదీ: మెకానికల్ డిప్లొమా అయ్యింది, గాజులమండ్యం ఎస్టేట్‌లో రేకు పని చేసే చిన్న యూనిట్‌లో డ్రాఫ్ట్స్‌మన్‌గా చేరబోతున్నావు, ఆటోక్యాడ్ ఒక్కటే వచ్చు. త్రీడీలో డిజైన్ చేసే సాలిడ్‌వర్క్స్ కూడా నేర్చుకోవాలా, ఆఫీసులో ఉన్న పాత వెర్షన్‌తో నెట్టుకురావచ్చా, ఇంట్లో ప్రాక్టీసుకి క్రాక్ వేసుకుంటే ఏమవుతుంది అని. నేను రేణిగుంట పక్కన ఇదే రకం పనిలో ఉన్నాను. ప్యానెల్ బాక్సులు, కేబుల్ ట్రేలు, బ్రాకెట్లు, అప్పుడప్పుడు వెల్డింగ్ ఫిక్స్చర్లు. అందుకని రేకు పని వరకే చెబుతా. ఇళ్ల ప్లాన్లు గీసేవాళ్ల గొడవ వేరు, స్థలం అంకణాల్లో, ఓనరు అడుగుల్లో, అప్లికేషన్ మీటర్లలో, అది వాళ్ల తలనొప్పి.

ఏ సాఫ్ట్‌వేర్ అన్నది నీకు ఇప్పుడు పెద్ద ప్రశ్నే కాదు. నువ్వు గీసిన ఫైలు వాట్సాప్‌లోనో పెన్‌డ్రైవ్‌లోనో లేజర్ కటింగ్ వాళ్ల దగ్గరికి పోతుంది, అక్కడ నెస్టింగ్ చేసే, అంటే ఒక రేకులో ముక్కలన్నీ సర్దే కుర్రాడు తెరుస్తాడు, ఆ తర్వాత బెండింగ్ మిషన్ మీద ఇంకొకాయన ప్రింటు చూసి వంచుతాడు, వెల్డర్ ఇంకో ప్రింటు చూస్తాడు, వీళ్లెవరికీ అనుమానం వస్తే అడగడానికి నువ్వు పక్కన ఉండవు. ఆ దారంతా నీ ఫైలు చెడకుండా పోవాలి. ఇన్‌స్టిట్యూట్లలో ఈ ముక్క చెప్పరు, అక్కడ స్క్రీన్ మీద త్రీడీ తిప్పి చూపిస్తే సర్టిఫికెట్ ఇస్తారు.

ముందు డీఎక్స్ఎఫ్ గురించి, అంటే కటింగ్ వాళ్లకి పంపే గీతల ఫైలు గురించి, ఎందుకంటే నీ రోజు సగం దానితోనే గడుస్తుంది. లేజర్ మిషన్‌కి నీ డైమెన్షన్లతో పని లేదు, గీత ఎక్కడుంటే అక్కడ కోస్తుంది. కొందరు తొందరలో ఏం చేస్తారంటే 148 ఉన్న కొలతని డబుల్ క్లిక్ చేసి చేత్తో 150 అని టైప్ చేసేస్తారు, ప్రింటులో 150 కనిపిస్తుంది, రేకు మాత్రం 148కే తెగుతుంది. కొలత మీద టైపింగ్ ఎప్పుడూ వద్దు, గీత మార్చు, కొలత తనే మారుతుంది. పాత డ్రాయింగ్ ఎవరైనా చేతికిస్తే ముందు కొలతలు టైప్ చేసినవా నిజమైనవా అని ప్రాపర్టీస్‌లో టెక్స్ట్ ఓవర్‌రైడ్ గడి చూడు, అది ఖాళీగా ఉండాలి.

రెండోది యూనిట్లు. ఆటోక్యాడ్‌లో గీత పొడవు ఉత్త అంకె మాత్రమే, 100 అంటే వంద, మిల్లీమీటర్లా అంగుళాలా అన్నది ఇన్స్‌యూనిట్స్ అనే సెట్టింగ్ చెబుతుంది, అవతలి సాఫ్ట్‌వేర్ దాన్ని పట్టించుకోవచ్చు, పట్టించుకోకపోవచ్చు. అందుకే అప్పుడప్పుడు పార్టు 25.4 రెట్లు పెద్దదిగానో చిన్నదిగానో తెరుచుకుంటుంది. ఆ 25.4 అనే అంకె కనిపించిందంటే వేరే కారణం వెతకక్కర్లేదు, అంగుళాల గొడవే. ఒక మాట గుర్తుపెట్టుకో, యూనిట్స్ కమాండ్‌లో మిల్లీమీటర్ అని మార్చినంత మాత్రాన గీసింది పెరగదు తరగదు, పేరు మారుతుందంతే, సైజు మారాలంటే స్కేల్ కమాండ్ కొట్టాల్సిందే. నేను ప్రతి డీఎక్స్ఎఫ్ ఫైలు పేరులోనే మందం, మెటీరియల్, మొత్తం పొడవు వెడల్పు రాసి పంపుతా. నెస్టింగ్ కుర్రాడు తెరవగానే పేరులో ఉన్న సైజూ స్క్రీన్ మీద సైజూ కలవకపోతే ఫోన్ చేస్తాడు, రేకు తెగాక కాదు, తెగకముందు.

మూడోది, ఒక గీత మీద ఇంకో గీత. కాపీ, మిర్రర్ కొట్టీ కొట్టీ ఇది వచ్చేస్తుంది, కంటికి కనపడదు, మిషన్ మాత్రం అదే దారిలో రెండుసార్లు కోసి అంచు కాల్చేస్తుంది. ఓవర్‌కిల్ కమాండ్ కొడితే పోతాయి. ఆ తర్వాత పెడిట్‌లో జాయిన్ చేసి ప్రతి ఆకారం మూసుకుందో లేదో చూడు, అర మిల్లీమీటర్ ఖాళీ ఉన్నా కొన్ని కటింగ్ సాఫ్ట్‌వేర్లు అది లోపలి కోతో బయటి కోతో తేల్చుకోలేవు. స్ప్లైన్‌తో (ఎలాగైనా వంగే గీత) వంకర్లు గీయకు, వీలైనంత వరకు ఆర్క్‌లే (వృత్తంలో ముక్కలు) వాడు. చాలామంది కటింగ్ వాళ్లు పాత ఆర్12 వెర్షన్ డీఎక్స్ఎఫ్ అడుగుతారు, అందులో స్ప్లైన్ అన్నదే లేదు, సేవ్ చేసేటప్పుడు అది వందల చిన్న ముక్క గీతలైపోయి అంచు నొక్కులు నొక్కులుగా వస్తుంది.

మన ఊళ్లో ఇంకో పని తప్పదు, గేట్లకీ పూజ గదులకీ స్టీలు రేకులో ‘ఓం నమో వేంకటేశాయ’ కోసి ఇవ్వమని అడుగుతారు. టెక్స్ట్‌ని అలాగే పంపకు, నీ ఫాంట్ అవతలి కంప్యూటర్‌లో లేకపోతే రూపమే మారిపోతుంది, అవుట్‌లైన్ గీతలుగా మార్చి పంపు. పైగా తెలుగు అక్షరాల్లో మూసుకున్న గుండ్రాలు ఎక్కువ, సున్న లోపలి బిళ్ళ తెగి కింద పడిపోతుంది, ‘ఓం’లో సున్న బదులు పెద్ద రంధ్రం మిగులుతుంది. ప్రతి మూసిన గుండ్రానికీ సన్నటి వంతెన లాంటి పట్టీ వదలాలి. ఇది ఏ సాఫ్ట్‌వేరూ తనంతట తాను చెయ్యదు, కూర్చుని చేత్తో చెయ్యాలి, రేటు చెప్పేటప్పుడు ఈ టైమ్ కూడా కలుపుకో.

ఇప్పుడు బెండింగ్. సాలిడ్‌వర్క్స్ ఎందుకు నేర్చుకోవాలో ఇక్కడే తెలుస్తుంది, డబ్బాని త్రీడీలో గీస్తే విప్పిన రేకు సైజు అదే ఇస్తుంది, డిజైన్‌లో ఎత్తు మారితే విప్పిన సైజూ మారుతుంది, ఆటోక్యాడ్‌లో అదంతా కాలిక్యులేటర్ పని. కానీ అది ఇచ్చే సైజు నువ్వు ఇచ్చిన కె-ఫ్యాక్టర్ మీద ఆధారపడుతుంది. వంచినప్పుడు లోపలి వైపు కుదించుకుంటుంది, బయటి వైపు సాగుతుంది, మధ్యలో ఎక్కడో సాగని కుదించుకోని పొర ఒకటి ఉంటుంది, అది లోపలి అంచు నుంచి మందంలో ఎన్నో వంతులో ఉందో చెప్పేదే కె-ఫ్యాక్టర్. 0.5 పెట్టేసి వదిలేస్తే ఆ పొర సరిగ్గా నడుమ ఉందని ఒప్పుకున్నట్టు, మామూలు వంపుల్లో అది కొంచెం లోపలికే ఉంటుంది.

నీ యూనిట్‌లో ఉన్న మిషన్‌కి, మీరు కొనే రేకుకి ఎంతో తెలుసుకోవడం సులువు. 2 మిల్లీమీటర్ల ఎంఎస్ (మైల్డ్ స్టీల్) రేకులో సరిగ్గా 100 పొడవు పట్టీ కోయించు, రోజూ వాడే డై (రేకుని వంచే అచ్చు) మీదే 90 డిగ్రీలు వంచమను, రెండు కాళ్ల బయటి కొలతలు వెర్నియర్‌తో తియ్యి. 52, 51.5 వచ్చాయనుకో, కలిపితే 103.5, అందులోంచి 100 తీసెయ్, ఆ 3.5 నీ బెండ్ డిడక్షన్. అంటే బయటి కొలతలు కలిపి ప్రతి వంపుకీ 3.5 తగ్గిస్తే రేకు సైజు వస్తుంది. లోపలి రేడియస్ 2 ఉంటే దీనికి సరిపోయే కె-ఫ్యాక్టర్ 0.43 దగ్గర తేలుతుంది. అదే 0.5 వదిలేసి ఉంటే డిడక్షన్ 3.29 అయ్యేది, ఒక్క వంపుకి తేడా 0.2 పైచిలుకే, ఎవరూ పట్టించుకోరు, కానీ నాలుగు వంపుల డబ్బాకి అది 0.85 అవుతుంది, మూత కూర్చోదు, అప్పుడు వెల్డర్ సుత్తి తీసుకుంటాడు. ప్రతి మందానికీ ఒక పట్టీ వంచి టేబుల్ రాసి గోడకి అంటించు. డై మారిస్తే మళ్లీ వంచి చూడాలి, రేకు సప్లయర్ మారినా ఒకసారి చూసుకోవడం మంచిది. వంపు దగ్గర హోల్ ఉంటే అది కోలగా సాగిపోతుంది, హోల్ అంచు నుంచి వంపు దాకా కనీసం మందానికి రెండున్నర రెట్లూ దానికి లోపలి రేడియస్ కలిపినంత దూరం వదలమంటారు, నేనైతే ఇంకాస్త ఎక్కువే వదులుతా.

ప్రింటు మీద యాంగిల్ గుర్తు, అంటే ఏ వైపు నుంచి చూసిన బొమ్మ ఎక్కడ పెట్టావో చెప్పే గుర్తు, వేయడం మర్చిపోవద్దు. మనం కాలేజీలో బీఐఎస్ (మన దేశ ప్రమాణాల సంస్థ) పద్ధతి ప్రకారం ఫస్ట్ యాంగిల్ నేర్చుకున్నాం, అమెరికా నుంచి వచ్చే డ్రాయింగ్‌లు థర్డ్ యాంగిల్‌లో ఉంటాయి. శ్రీసిటీ కంపెనీలకి సబ్‌కాంట్రాక్ట్ చేసే యూనిట్లకి దేశదేశాల డ్రాయింగ్‌లు వస్తుంటాయి కాబట్టి ఈ రెండూ ఒకే రోజు టేబుల్ మీద పడతాయి. కోసిన శంకువు గుర్తు మూలన ఉంటుంది, అది చూడకుండా ఒక షాపులో ఎడమ బ్రాకెట్లన్నీ కుడి బ్రాకెట్లుగా తయారయ్యాయి, రెండూ కొలతల్లో కరెక్టే మరి. సాలిడ్‌వర్క్స్‌లో షీట్ ప్రాపర్టీస్‌లో ఇది ఒక్క బటన్, టెంప్లేట్‌లోనే సరిచేసి పెట్టుకో.

వెర్షన్ల సంగతి. ఆటోక్యాడ్‌ది పెద్ద టెన్షన్ కాదు. 2018 వెర్షన్‌తో వచ్చిన డీడబ్ల్యూజీ (ఆటోక్యాడ్ డ్రాయింగ్ ఫైలు) ఫార్మాట్‌నే 2025 వెర్షన్ దాకా వాడారు, కాబట్టి ఆఫీసులో 2018 ఉన్నా ఆ మధ్యలో వచ్చిన వెర్షన్ల ఫైళ్లు తెరుచుకుంటాయి. అంతకన్నా పాతది ఉంటే ఫైలుని నోట్‌ప్యాడ్‌లో లాగి చూడు, మొదటి ఆరు అక్షరాలు వెర్షన్ చెబుతాయి: ఏసీ1024 అంటే 2010 ఫార్మాట్, ఏసీ1027 అంటే 2013, ఏసీ1032 అంటే 2018. ఆటోడెస్క్ వాళ్లదే డీడబ్ల్యూజీ ట్రూవ్యూ ఉచితంగా దొరుకుతుంది, కొత్త ఫైలుని పాత ఫార్మాట్‌లోకి మార్చుకోవచ్చు, పంపినవాళ్లని బతిమాలక్కర్లేదు. మీ దగ్గర ఎల్‌టీ (ఆటోక్యాడ్‌లో చౌక రకం) ఉంటే 2024 వెర్షన్ నుంచి అందులో కూడా ఆటోలిస్ప్, అంటే ఆటోక్యాడ్ పనులకి చిన్న ప్రోగ్రామ్‌లు రాసుకునే భాష, నడుస్తుంది, అంతకుముందు నడిచేది కాదు, చిన్న యూనిట్లకి నా లెక్కలో ఈ మధ్య వచ్చిన మంచి వార్త అదే. ఏఐ బ్లాకులూ అవీ బాగానే ఉన్నాయి, రేకు పనికి పెద్దగా ఒరిగేది లేదు.

సాలిడ్‌వర్క్స్ మాత్రం మొండిది, కొత్త దాంట్లో సేవ్ చేసింది పాతదాంట్లో తెరుచుకోదు. 2024 నుంచి రెండు వెర్షన్లు వెనక్కి సేవ్ చేసే వీలు ఇచ్చారు. అదీ కుదరకపోతే స్టెప్ ఫైలు (ఏ త్రీడీ సాఫ్ట్‌వేర్ అయినా తెరిచే రకం) అడుగు, ఆకారం వస్తుంది, ఫీచర్ ట్రీ (మోడల్ ఎలా కట్టారో చూపే జాబితా) రాదు, హోల్ సైజు మార్చాలంటే కష్టపడాలి.

కరెంటు పోతే కంగారు పడకు. ఆటోక్యాడ్ డీడబ్ల్యూజీ పక్కనే బీఏకే ఫైలు పెడుతుంది, ఎక్స్‌టెన్షన్ డీడబ్ల్యూజీకి మార్చి తెరిస్తే దానికి ముందు సేవ్ తిరిగి వస్తుంది. ఆటోసేవ్ ఎస్‌వీ డాలర్ ఫైలు టెంప్ ఫోల్డర్‌లో ఉంటుంది, మామూలుగా పది నిమిషాలకొకసారి, సేవ్‌టైమ్ కమాండ్‌తో ఐదు చేసుకో.

క్రాక్ సంగతికొస్తే, నీతులు చెప్పను, పనిలో వచ్చే తిప్పలు చెబుతా. ఆటోక్యాడ్ ఫైళ్లు దొంగిలించే వైరస్‌లు నిజంగానే ఉన్నాయి, 2012లో మెడ్రే అనేది బయటపడింది, లిస్ప్‌లో రాసిన పురుగు, తెరిచిన డ్రాయింగ్‌లని ఈమెయిల్‌లో బయటికి పంపేది. డ్రాయింగ్‌లతో పాటు వచ్చిన ఫోల్డర్‌లో ఎక్యాడ్ డాట్ ఎల్ఎస్పీ, ఎక్యాడ్‌డాక్ డాట్ ఎల్ఎస్పీ, ఎక్యాడ్ డాట్ ఫాస్ అనే ఫైళ్లు కనిపిస్తే, అవి మీవాళ్లు రాసినవి కాకపోతే, తెరవకముందే తీసెయ్. ఇలాంటి ఫైళ్లు లోడ్ అయ్యేముందు హెచ్చరించే సెక్యూర్‌లోడ్ సెట్టింగ్ సున్నాలో ఉంటే ఒకటికి మార్చు. క్రాక్ వేసేటప్పుడు యాంటీవైరస్ ఆపెయ్యమంటారు కదా, ఆ కంప్యూటర్‌లోంచి పెన్‌డ్రైవ్ తెచ్చి ఆఫీసులో పెట్టావంటే కస్టమర్ డ్రాయింగ్‌లన్నీ ప్రమాదంలో పడతాయి, చిన్న యూనిట్‌కి ఆ కస్టమర్ ఒక్కడే ఉండొచ్చు.

ఇంట్లో ప్రాక్టీసుకి క్రాక్ అవసరమే లేదు. ఆటోడెస్క్ వాళ్ల త్రీడీ సాఫ్ట్‌వేర్ ఫ్యూజన్‌కి పర్సనల్ లైసెన్స్ ఉచితం, ఒకేసారి పది ఫైళ్లే ఎడిట్ చేయనిస్తుంది, నేర్చుకోవడానికి చాలు, దాన్ని పట్టుకుని జాబ్ వర్క్ మాత్రం చేయకూడదు. పూర్తి స్వేచ్ఛ కావాలంటే ఫ్రీక్యాడ్ ఉంది, 2024 నవంబర్‌లో 1.0 వచ్చింది. ముందు వెర్షన్లలో కింది స్కెచ్ మారిస్తే పైన ఉన్న ఫీచర్లు వేరే ముఖానికి అతుక్కుని మోడల్ విరిగిపోయేది, 1.0లో ఆ రోగం చాలావరకు తగ్గింది. షీట్ మెటల్ కోసం యాడాన్ వేసుకోవాలి. సాలిడ్‌వర్క్స్ అంత సాఫీగా ఉండదు, కానీ కె-ఫ్యాక్టర్, బెండ్, విప్పిన రేకు అన్నీ అక్కడ నేర్చుకుంటే సాలిడ్‌వర్క్స్ వారంలో అలవాటైపోతుంది. ఆటో కంపెనీల వైపు వెళ్లాలని ఉంటే క్యాటియా, ఎన్ఎక్స్ అనే సాఫ్ట్‌వేర్ల గురించి తర్వాత ఆలోచించు, ఇప్పుడు కాదు.

బాలాజీ కాలనీ చుట్టుపక్కల కనిపించే ‘అన్ని సాఫ్ట్‌వేర్లూ కలిపి మాస్టర్ డిప్లొమా’ బోర్డులు చూసి ఫీజు కట్టేముందు లోపలికి వెళ్లి ఒక్కటే అడుగు, షీట్ మెటల్‌లో బెండ్ టేబుల్ ఎలా తయారు చేసుకోవాలో చూపిస్తారా అని. అదేంటి అన్నట్టు చూస్తే బయటికొచ్చి ఆ డబ్బులో కొంత పెట్టి మంచి డిజిటల్ వెర్నియర్ కొనుక్కో.