పీడీఎఫ్‌లో ఉండిపోయిన నాన్నగారి ఫొటో

ప్రశ్న: మా నాన్నగారు హెడ్మాస్టరుగా రిటైరైనప్పుడు ఆయన శిష్యులు అభినందన సంచిక వేశారు. దానికోసం ఇచ్చిన పాత ఫొటోలు మళ్లీ మా చేతికి రాలేదు. సంచిక పీడీఎఫ్ మాత్రం ఉంది. సంవత్సరీకానికి అందులోని ఒక ఫొటోకి పన్నెండు బై ఎనిమిది సైజులో ఫ్రేమ్ కట్టిద్దామని స్క్రీన్‌షాట్ తీసి స్టూడియోలో ఇస్తే మసగ్గా వచ్చింది. ఏం చేయాలి?
– ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: ఆ స్క్రీన్‌షాట్ సంగతి వదిలేయండమ్మా. అందులో ఉన్నది మీ తెర మీద కనబడినంత మేరే. అసలు ఫొటో ఫైల్ లోపలే ఉంది. పీడీఎఫ్‌లో జేపెగ్ ఫొటో సాధారణంగా జేపెగ్‌గానే ఉంటుంది, దాన్ని ఉన్నదున్నట్టు బయటికి తీయొచ్చు. సావనీర్ల డీటీపీ చేసేవాణ్ణి కాబట్టి ఇలాంటి ఫైళ్లు నా దగ్గరికి తరచూ వస్తుంటాయి. అందుకే ఇంత ధైర్యంగా చెబుతున్నాను.

పాప్లర్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో పీడీఎఫ్‌ఇమేజెస్ అనే కమాండ్ ఉంటుంది. కంప్యూటర్ తెలిసిన పిల్లలెవరినైనా కూర్చోబెట్టుకోండి. ముందు 'లిస్ట్' ఆప్షన్‌తో నడిపించండి. ఏ పేజీలో ఏ ఫొటో ఎన్ని పిక్సెళ్లుందో చూపిస్తుంది. మీరనుకున్న సైజుకు 3600 బై 2400 ఉంటే దివ్యంగా వస్తుంది, 2400 బై 1600 ఉన్నా గోడ మీదికి బాగానే ఉంటుంది. తర్వాత 'ఆల్' ఆప్షన్ పెడితే ఫొటోలన్నీ ఫోల్డర్‌లోకి వస్తాయి, జేపెగ్‌లైతే వాటి అసలు ఫార్మాట్‌లోనే. డబ్బు కట్టి వాడే అక్రోబాట్ ప్రో ఎవరి దగ్గరైనా ఉంటే అందులోనూ అన్ని ఇమేజ్‌లనూ ఎక్స్‌పోర్ట్ చేసే వీలుంది. ఇంట్లో వాళ్ల ఫొటోలున్న ఫైల్‌ని ఏదో వెబ్‌సైట్‌కి అప్‌లోడ్ చేయడం మాత్రం నాకు ఇష్టం లేదు. ఆ అవసరమే లేదు.

ఫోల్డర్ తెరిచాక కంగారు పడకండి. నలుపు తెలుపు మచ్చల్లా కనిపించేవి మాస్కులు, అంటే బొమ్మలో ఏ భాగం కనబడాలో చెప్పేవి, వాటిని వదిలేయండి. ప్రెస్ కోసం చేసిన ఫైల్ అయితే ఫొటో సీఎంవైకేలో (అచ్చుకి వాడే నాలుగు రంగుల పద్ధతి) ఉండి రంగులు వింతగా, ఒక్కోసారి నెగెటివ్‌లా కనబడవచ్చు. స్టూడియోవాళ్లు ఫొటోషాప్‌లో సరిచేసి, తెర మీద వాడే ఆర్‌జీబీ రంగుల పద్ధతికి మారుస్తారు. పేజీకి ఒక్కటే పెద్ద బొమ్మ వచ్చిందంటే అది పుస్తకాన్ని స్కాన్ చేసిన పీడీఎఫ్, అందులోంచి క్రాప్ చేసుకోవాల్సిందే.

ఇంకొకటి, ఇది నాకు చాలా ఇష్టమైన సంగతి. పేజీలో పట్టడానికి ఫొటో అంచులు దాచేసినా, పీడీఎఫ్ చేసేటప్పుడు ఆ భాగాన్ని కత్తిరించకపోతే లోపల ఫొటో పూర్తిగా ఉంటుంది. సంచికలో మీ నాన్నగారు ఒక్కరే ఉన్న ఫొటోలో పక్కన మీ అమ్మగారు కూడా ఉండొచ్చు. ఆ ఒక్క ఫొటోయే కాదు, అన్నీ తెరిచి చూడండి.

లిస్ట్‌లో ఆరేడు వందల పిక్సెళ్లే కనిపిస్తే అది మెయిల్‌లో పంపడానికి సైజు తగ్గించిన కాపీ అయ్యుంటుంది. సంచిక వేసిన శిష్యుల్లో ఎవరి దగ్గరైనా ప్రెస్‌కి ఇచ్చిన పీడీఎఫ్ ఉందేమో అడగండి. వాట్సాప్‌లో పంపితే డాక్యుమెంట్‌గానే పంపమనండి.