కప్పు కంటే ముందు పడక చూసుకోండి

మహేంద్రగిరి వైపు నడకకు వెళ్తున్నామనీ, గుడారం మోసుకెళ్లడం లేదనీ రాశారు. దారి తప్పి రాత్రి అడవిలోనే ఉండిపోవలసి వస్తే తలదాచుకోవడానికి ఏం కట్టుకోవాలని అడిగారు. అలాంటి రాత్రి ఒకటి గడిపినవాడిని కాబట్టి కాస్త వివరంగానే చెబుతాను.

మాది శ్రీకాకుళం జిల్లా ఉద్దానం. తొమ్మిదేళ్ల కిందట కార్తీకంలో ముగ్గురం మందస మీదుగా కొండెక్కాం. సుమారు 1,500 మీటర్ల ఎత్తు. పైన పాండవుల గుళ్లు చూసుకుని దిగడం మొదలుపెట్టేసరికి మూడు దాటింది. మా జిల్లా ఆంధ్రప్రదేశ్‌కు తూర్పు కొస; ఆ నెలలో ఐదున్నర కాకముందే పొద్దు కుంకుతుంది, చెట్ల కింద ఇంకా ముందే చీకటి పడుతుంది. మబ్బు దిగి కాలిబాట కనిపించకుండా పోయింది. వెంటనే వాన.

వెలుతురున్న ఆ చివరి అరగంటా కప్పు మీదే పెట్టాం. కొమ్మలు ఆనించి, దొరికిన ఆకల్లా పైన వేశాం. ఆ కప్పు వాన నీటిని చాలావరకు ఆపింది. కింద మాత్రం తడి నేల మీద ఒక్క తువ్వాలు. అర్ధరాత్రి దాటాక చలి నేలలోంచి ఎక్కింది. వీపు, తుంటి మొద్దుబారిపోయాయి. మాలో చిన్నవాడికి మాట తడబడసాగింది. ఒంటి వేడి ప్రమాదకరంగా పడిపోతోందనడానికి అది గుర్తని నాకప్పుడు తెలియదు. తడి చొక్కా విప్పించి, సంచులు కింద వేసి, వాడిని మా ఇద్దరి మధ్య ఇరికించుకుని తెల్లవార్లూ కూర్చున్నాం.

పొద్దున మమ్మల్ని చూసినది పోడు పొలానికి వెళ్తున్న ఒక సవర గిరిజన తాత. మా పందిరిలోకి చేయి పోనిచ్చి నేల తడిమి, “పైన కప్పారు గానీ కింద ఏదీ బాబూ?” అన్నాడు. తన కాపలా పాకకు తీసుకెళ్లి, మంట దగ్గర కూర్చోబెట్టి, ఆకు కప్పడం చూపించాడు. విస్తళ్లు కుట్టే అడ్డాకు తొడిమ వైపు అంచును అడ్డపుల్ల మీదుగా మడిచి, వెదురు ఈనెతో గుచ్చి, కొన కిందికి వేలాడేలా వదిలాడు. మొదటి వరుస నేలకు దగ్గరగా, తర్వాతి వరుస దాని మీద సగం దాకా. పెంకులు నేసినట్టే. మేము పై నుంచి కిందికి వేశాం, అందుకే నీరు సందుల్లోకి జారింది. కట్టడానికి అడ్డ తీగ నారే తాడు.

అందుకని మీరు ముందు పడక సంగతి చూడండి. ఎండుటాకు, కొండచీపురు గడ్డి, ఏది దొరికితే అది, మీరు పడుకున్నాక కూడా జానెడు మందం మిగిలేలా పోయండి. చూడటానికి చాలా ఎక్కువే అనిపిస్తుంది, ఒంటి బరువుకు సగానికి పైగా అణిగిపోతుంది. ఆకులు పోగుచేసేటప్పుడు కర్రతో కదిలించి, దులిపి తీసుకోండి, తేళ్లు ఉంటాయి. కట్లపాము తిరిగేది రాత్రిపూటే, నిద్రలో ఉన్నవాళ్లనే ఎక్కువగా కరుస్తుంది. కాబట్టి పుట్టలకు, రాళ్ల గుట్టలకు దూరంగా ఉండండి.

కప్పుకు మీ ఎత్తుకు ఒకటిన్నర రెట్లు పొడవున్న గట్టి వాసం ఒకటి చాలు. ఒక కొస నడుమెత్తులో ఉన్న చెట్టు పంగలో, రెండో కొస నేల మీద. రెండు వైపులా పడి ఉన్న కొమ్మలు ఏటవాలుగా ఆనించి, ఆకు మందంగా వేయండి. వాలు ఎంత నిలువుగా ఉంటే నీరు అంత తొందరగా జారిపోతుంది. లోపల మీరు పట్టేంత చోటే ఉండాలి. పెద్దదైతే మీ ఒంటి వేడి దాన్ని వెచ్చబరచలేదు. వాకిలి గాలికి ఎదురుగా వద్దు. ఆకుల పాకలో మంట అసలే వద్దు.

చోటు ఎంచుకునేటప్పుడు గెడ్డ (కొండవాగు) ఒడ్డు వదిలేయండి. మీ దగ్గర చినుకు లేకపోయినా పైన కురిస్తే నీరు ఒక్కసారిగా దిగుతుంది. తలెత్తి చెట్లను కూడా చూడండి. 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను దాటాక మా జీడితోటలో విరిగి పక్క కొమ్మకు చిక్కుకున్న కొమ్మలు రోజుల తరబడి పడుతూనే ఉన్నాయి. అలాంటి కొమ్మ కింద పడుకోకండి. సీతంపేట, కురుపాం వైపు వెళ్లేట్టయితే ఏనుగులు ఎక్కడున్నాయో ముందే ఊళ్లో కనుక్కోండి.

ఇప్పుడు నా సంచిలో నాలుగు గజాల బరకం, నైలాన్ తాడు, రెండు పెద్ద చెత్త సంచులు, ఒక ఈల ఎప్పుడూ ఉంటాయి. చెత్త సంచిలో ఎండుటాకు కూరితే పరుపు సిద్ధం. ఈల మూడుసార్లు ఊది, కాస్త ఆగి, మళ్లీ మూడుసార్లు ఊదండి. మాకు ఆ రోజు ఈల లేదు. రాతి మీద కర్రతో మూడేసి దెబ్బలు కొడుతూ కూర్చున్నాం. తాత వచ్చింది ఆ చప్పుడు విని.