నటుడి నోటుపుస్తకంలో పెన్సిలు గీతలు ఎవరికీ అక్కర్లేదు

చనిపోయిన హాలీవుడ్ నటుడు హీత్ లెడ్జర్ 'ది డార్క్ నైట్' సినిమాలో జోకర్ అనే విలన్ వేషం కోసం రాసుకున్న సొంత డైరీని వాళ్ల కుటుంబం పుస్తకంగా అచ్చు వేయించాలా వద్దా అన్నది ప్రశ్న. వద్దు. నేర్చుకునేవాళ్లకు పనికొస్తుంది, అభిమానులకు హక్కుంది, చరిత్రలో మిగలాలి అని ఎన్ని చెప్పినా నా మాట ఇదే.

ఆ డైరీ గురించి బయటి ప్రపంచానికి తెలిసింది చాలా తక్కువ. 2012లో వచ్చిన ఒక డాక్యుమెంటరీలో వాళ్ల నాన్న కెమెరా ముందు కొన్ని పేజీలు తిప్పి చూపించాడు. పేకముక్కల జోకర్లు, దుమ్ములగొండ్ల ఫొటోలు, చేతిరాత, చివర్లో పెద్దక్షరాలతో 'బై బై'. ఆ రెండు ముక్కలు పట్టుకుని మనవాళ్లు ఎన్ని వీడియోలు చేశారో చూడండి. 'జోకర్ పాత్రే మింగేసింది' అని ఎర్ర అక్షరాలు, కింద ఏడుపు మ్యూజిక్. అతను పోయింది 2008 జనవరి 22న, 28 ఏళ్ల వయసులో. అప్పటికి జోకర్ షూటింగ్ అయిపోయింది, ఇంకో సినిమా చేస్తున్నాడు. డాక్టర్లు రాసే మందులే ఒంట్లో ఒకదానితో ఒకటి కలిసి ప్రమాదవశాత్తూ ప్రాణం తీశాయని న్యూయార్క్ అధికారులు తేల్చారు. ఆ వేషం వేసినన్నాళ్లూ తమ్ముడు హుషారుగానే ఉన్నాడని సొంత అక్క 2017లో చెప్పింది. ఎవరు విన్నారు? నాటకాలు వేసే మా మామ తన పోర్షన్, అంటే తన వేషం పద్యాలూ మాటలూ, రాసుకున్న ప్రతిసారీ ఆఖర్న 'మంగళం' అని రాసేవాడు. దాన్ని మరణ వాంగ్మూలం అంటామా? పని అయిపోయింది, పుస్తకం మూస్తున్నాను అని అర్థం. 'బై బై' కూడా అంతే, నాకందులో అనుమానం లేదు.

కొన్ని పేజీలకే ఇంత గోల చేసినవాళ్లు మొత్తం డైరీ చేతికొస్తే ఏం చేస్తారో నేను ఊహించి చెప్పడం లేదు. మా ఇంట్లో జరిగింది కాబట్టి చెప్తున్నా.

ఆ మామ, మా పెద్ద మేనమామ, నెల్లూరు దగ్గర పెన్న దాటాక బుచ్చిరెడ్డిపాళెం వైపు ఒక పల్లెలో ఎలిమెంటరీ స్కూలు అయ్యవారు. పగలు బడి, రాత్రి నాటకం. ఆయన రెండో హరిశ్చంద్రుడు. పద్యనాటకాలు చూసినవాళ్లకు తెలుసు, ఒకే రాత్రి ఒకే వేషాన్ని ఇద్దరు ముగ్గురు పంచుకుంటారు. ముందు సీన్లు ఒకరివి, కాటి సీను ఇంకొకరిది. జొన్నవాడ బ్రహ్మోత్సవాలకు గానీ, సంగం, ఆత్మకూరు చుట్టుపక్కల తిరునాళ్లకు గానీ కాటి సీను అంటే కాంట్రాక్టర్లు ముందు ఈయన్నే అడిగేవాళ్లు. అప్పట్లో తెల్లవార్లూ కూర్చునే జనం ఉండేవాళ్లు. ఇప్పుడు అదే డబ్బు పెట్టి రికార్డింగ్ డ్యాన్సు తెస్తున్నారు, ఆ కమిటీల్లో ఉన్నవాళ్ల తండ్రులే ఒకప్పుడు ఒన్స్‌మోర్ కొట్టినవాళ్లు. సరే, అది వేరే బాధ.

ఆయన పుస్తకం గట్టి అట్ట వేసిన పొడుగాటి చిట్టా పుస్తకం. ఎడంపక్క పేజీలో పెన్నుతో పోర్షన్, కుడిపక్కంతా పెన్సిలు. ఊపిరి ఎక్కడ తీసుకోవాలో చిన్న అడ్డగీత. రాగం ఎంతసేపు లాగాలో వంకీల గీత, ఒకచోట దాని పక్కనే 'చాలు, జనం అడిగినా వద్దు'. 'ఇక్కడ హార్మోనీ ఆగాలి.' 'కర్ర ఎడం భుజానికి.' 'చంద్రమతి మొహం చూడకు, తాళి కనపడినాకే చూడు.'

ఈ చివరిది నాకు ప్రాణం. కట్టుకున్నవాడికి తప్ప ఇంకెవరికీ కనపడని తాళి అది. కాటికాపరి దాన్ని చూశాకే ఎదురుగా ఉన్నది తన భార్య అని, చచ్చిపడి ఉన్నది తన కొడుకు లోహితుడని తెలుసుకుంటాడు. చాలామంది నటులు అంతకుముందే ఆమె వైపు జాలిగా చూసేస్తారు, సీను అక్కడే పోతుంది. మామ చూడడు. కాటి సుంకం అడిగేటప్పుడు నేలకేసి చూస్తా, అంగట్లో బాకీ అడిగినంత మామూలుగా అడుగుతాడు. అందుకే ఆ తర్వాత తలెత్తితే జనానికి ఒళ్లు జలదరించేది.

ఆ పుస్తకంలో ఒక పేజీ మాత్రం వేరు. మామకు రెండో బిడ్డ పసితనంలోనే జ్వరంతో పోయాడు, నేను పుట్టకముందు. ఆ పేజీలో ఇట్లా రాసుకున్నాడు: 'చిన్నోణ్ణి వాళ్లమ్మ ఒళ్లోంచి తీసుకునేటప్పుడు ఎడంచెయ్యి జారింది. వేళ్లు కొంచెం ముడుచుకుని ఉన్నాయి. లోహితుడి చెయ్యి అట్లనే జారాలి. పిలకాయకు నేర్పాలి.'

నేర్పాడు కూడా. ఆయన ఆటల్లో లోహితాస్యుడు వేసిన ప్రతి పిలకాయ చెయ్యీ అట్లనే జారేది. మా అత్త ఏళ్ల తరబడి ఆడవాళ్ల వైపు కూర్చుని ఆ సీను చూసింది, అందరితోపాటే కొంగుతో కళ్లు తుడుచుకుంది. ఆ చెయ్యి ఎవరిదో ఆమెకు తెలియదు.

మామ పోయిన మరుసటేడు ఒక నాటక సంఘం వాళ్లు ఇంటికొచ్చారు. ఏప్రిల్ 16 కందుకూరి వారి జయంతి, తెలుగు నాటకరంగ దినోత్సవం కదా, ఆ రోజుకు ప్రత్యేక సంచిక తెస్తున్నాం, అయ్యవారి గురించి నాలుగు ముక్కలు వేస్తాం, పుస్తకం ఒకసారి ఇవ్వండి అన్నారు. మంచి మాటే కదా అని ఇంట్లోవాళ్లు ఇచ్చారు. సంచిక వచ్చింది. సగం పేజీలు రియల్ ఎస్టేట్ వెంచర్ల శుభాకాంక్షలు. మధ్యలో మామ ఫొటో, 'కన్నబిడ్డ చావునే నటనగా మలిచిన మహానటుడు' అని హెడ్డింగు, కింద ఆ పేజీ ఉన్నదున్నట్టు. దానికింద 'సర్వహక్కులు ప్రచురణకర్తలవి'.

అత్త అక్షరం అక్షరం వేలితో కూడబలుక్కుని చదువుతుంది. ఆ పేజీ దగ్గర వేలు ఆగిపోయింది. చాలాసేపటికి అడిగింది: "ఏంది అబ్బయా ఇది? ఇన్నేళ్లూ నేను చూస్తా ఉండింది నా బిడ్డనేనా? ఈయన నాతో ఒక్క మాటన్నా చెప్పకూడదా? ఇప్పుడు ఎవర్ని పోయి అడిగేది?"

మామ ఉంటే ఆయనేదో చెప్పుకునేవాడు. బాధ ఆ విధంగా మోశానని అనేవాడో, నీకు చెబితే ఇంక చూడలేవని దాచానని అనేవాడో. భార్యాభర్తలు పోట్లాడుకునేవాళ్లు, ఏడ్చేవాళ్లు, ఏదో ఒకటి తేలేది. పోయినవాడి రాతను బజారులో పెడితే ఇంట్లోవాళ్లకు ఆ దారి ఉండదు. తర్వాతి తిరునాళ్లలో ఎవరో కుర్రాడు హరిశ్చంద్రుడు వేస్తే, లోహితుడి చెయ్యి జారగానే జనం వేదికను వదిలేసి మా అత్త వైపు తిరిగి చూశారు. ఆమె లేచి వచ్చేసింది. మళ్లీ నాటకానికి పోలేదు.

నాకు ఇంకా మండేది ఏందంటే, ఆ సంచికలో ఒక్క పెన్సిలు గీత కూడా లేదు. డీటీపీలో గీతలు కుదరవన్నారట. నేర్చుకునేవాళ్ల కోసమని తీసుకుపోయిన పుస్తకంలోంచి నేర్చుకోవడానికి ఉన్నదంతా తీసేసి, ఏడుపు ఒక్కటే అచ్చేశారు. లెడ్జర్ డైరీని ఎంత పెద్ద కంపెనీ వేసినా ఇదే జరుగుతుంది. గొంతు కోసం రోజుకు ఎంత సాధన చేశాడన్నది వెనక పేజీల్లోకి పోతుంది, 'బై బై' అట్టమీదికి ఎక్కుతుంది.

నటుడి అనుభవం లోకానికి అందొద్దా అంటే, అందాలి. ఆడవేషాలకు పేరుపడ్డ బాపట్ల స్థానం నరసింహారావు గారు సత్యభామ లాంటి వేషాల గురించి తన అనుభవాలను 'నటస్థానం'గా తానే రాసిచ్చారు. ఏది చెప్పాలో ఏది దాచుకోవాలో ఆయనే తేల్చుకున్నారు. తనకోసం గీసుకున్న పుస్తకం అది కాదు. లెడ్జర్‌కి ఆ అవకాశం రాలేదు. పైగా ఆయన చేసిన పని 'ది డార్క్ నైట్'లో అందరికీ కనపడుతూనే ఉంది, దానికి 2009లో ఆస్కార్ వస్తే అమ్మానాన్నా అక్కా వేదికెక్కి తీసుకున్నారు. మా మామ ఆటకు ఒక్క మంచి రికార్డింగు లేదు, ఆ పుస్తకం తప్ప ఇంకేం మిగల్లేదు. అయినా అచ్చు వద్దనే అంటున్నా.

చట్టం సంగతి కూడా కనుక్కున్నా, నెల్లూరు కోర్టులో తెలిసిన ఒక వకీలును అడిగి. పుస్తకం ఎవరి బీరువాలో ఉంటే హక్కు వాళ్లది కాదు. అచ్చుకాని రాత మీద కాపీరైటు వారసులది, మన దేశంలో రచయిత పోయాక మొదటిసారి అచ్చయితే ఆ అచ్చయిన ఏడాది దాటాక 60 ఏళ్లు నడుస్తుంది. సంఘం వాళ్లు 'సర్వహక్కులు' వేసుకోవడం ఉత్త దబాయింపు. ఆ మాట చెప్పాక పుస్తకం వారంలో ఇంటికొచ్చింది. కానీ వారసులకు హక్కుంది కాబట్టి అచ్చు వెయ్యొచ్చు అనేవాళ్లకు ఒకటే చెప్తా: వారసులందరికీ ఒకే నొప్పి ఉండదు. సంతకం పెట్టేది ఒకరు, బజారులో తలవంచుకుని నడిచేది ఇంకొకరు.

మా ఇంట్లో ఇప్పుడు పద్ధతి ఇది. కాటి సీను నేర్చుకునే కుర్రాళ్లు ఎవరొచ్చినా అత్తే పుస్తకం తీసి కుడిపక్క పేజీలు చూపిస్తుంది, ఆ పేజీ ఒక్కటి కాగితం అంటించి మూసేశాం. కూర్చుని రాసుకోవచ్చు, ఫోన్లో ఫొటో తీయకూడదు. వచ్చినవాళ్లు కాఫీ తాగి, పద్యం పాడి, అత్తతో తిట్లు తిని పోతారు. లెడ్జర్ వాళ్లూ ఇట్లా చెయ్యొచ్చు, నటన నేర్పే చోట ఎక్కడైనా పెట్టి, వేషం కట్టేవాళ్లకు మాత్రం చూపించొచ్చు. అచ్చేసి అమ్మడం గురించి మాట్లాడాల్సి వస్తే అది ఆయన కూతురు ఒక్కతే చెప్పాలి, నాన్న పోయేనాటికి రెండేళ్ల పిల్ల. ఆమె వద్దంటే అభిమానులు గానీ పబ్లిషర్లు గానీ రెండోసారి అడక్కూడదు.