బ్యాడ్జీ మీద ఏ పేరు, ముద్రలో ఏ పేరు?

ప్రశ్న: ఒక ప్రైవేటు ఆస్పత్రిలో నాలుగేళ్లుగా క్యాజువాలిటీ డ్యూటీ డాక్టరుగా చేస్తున్నాను. నేను ట్రాన్స్ మహిళను. ఈ మధ్యే మెడికల్ సూపరింటెండెంట్ గారికి, హెచ్‌ఆర్ మేనేజరు గారికి చెప్పాను. ఇద్దరూ మర్యాదగానే విన్నారు. కానీ కొత్త పేరు మాటెత్తితే "కాగితాలన్నీ మారాక చూద్దాం డాక్టర్ గారూ" అంటున్నారు. రోస్టరులో, మైకులో ఇంకా పాత పేరే. ఏం చేయను?
– ఒక డాక్టర్, విజయవాడ

జవాబు: మీ మేనేజరు గారు రెండు వేరువేరు పనులను ఒకే మూట కట్టేశారు. ఆ మూట విప్పితే సగం పని ఈ వారంలోనే అయిపోతుంది.

ప్రిస్క్రిప్షన్, ఎంఎల్‌సీ (పోలీసు కేసుతో ముడిపడిన వైద్య కేసు) రిపోర్టు, డిశ్చార్జి సమ్మరీ, మరణ ధ్రువపత్రం, ఇన్సూరెన్స్ క్లెయిము: వీటి మీద సంతకం పెట్టేది మెడికల్ కౌన్సిల్‌లో నమోదైన డాక్టరు. 2002 నాటి వైద్యుల ప్రవర్తనా నియమావళి ప్రకారం ప్రిస్క్రిప్షన్ల మీద, సర్టిఫికెట్ల మీద రిజిస్ట్రేషన్ నంబరు ఉండాలి. ఆ నంబరు పక్కన కౌన్సిల్ రికార్డులో ఏ పేరుందో ముద్రలోనూ అదే ఉండాలి. లేదంటే రేపు ఎంఎల్‌సీ కేసులో సాక్ష్యానికి వెళ్లినప్పుడు ఎదుటి లాయరు ముందుగా పట్టుకునేది ఆ తేడానే. ఇంతవరకూ మేనేజరు గారి జాగ్రత్త సబబే.

రోస్టరు, మెడలో బ్యాడ్జీ, ఓపీ గది బోర్డు, ఇంటర్‌కామ్ జాబితా, వాట్సాప్ గ్రూపు, మైకులో పిలుపు... వీటికి కౌన్సిల్‌తో పనే లేదు. బ్యాడ్జీ మీద మీ పేరు, కింద రిజిస్ట్రేషన్ నంబరు వేస్తే ఆ నంబరే రెండు పేర్లనూ కలుపుతుంది. ఇందుకు కాగితాలు మారేదాకా ఆగమనడం అన్యాయం. రోజుకు ఇరవై సార్లు తప్పు పేరుతో పిలిపించుకుంటూ క్యాజువాలిటీలో నిలబడటం ఎవరికైనా భారమే.

కాబట్టి నోటిమాటతో వదిలేయకుండా ఒక పేజీ మెయిల్ రాయండి. సూపరింటెండెంట్‌కు, హెచ్‌ఆర్‌కు కలిపే పంపండి. అందులో పేరు, మిమ్మల్ని ఎలా సంబోధించాలి, ఏ తేదీ నుంచి, పైన చెప్పిన జాబితాలో ఒక్కొక్కటీ ఎవరు మారుస్తారు అన్నవి ఉండాలి. సిబ్బందికి ఎవరు చెప్పాలో, ఎంతవరకు చెప్పాలో కూడా మీరే రాయండి. లేకపోతే ఆ కబురు నర్సింగ్ స్టేషన్లలో తనకిష్టమైన రూపంలో తిరుగుతుంది. ఎక్కువగా మరిచిపోయేది ఆస్పత్రి సాఫ్ట్‌వేర్. బ్యాడ్జీ మారుతుంది గానీ ల్యాబ్ రిపోర్టు తెరిస్తే పాత పేరే కనిపిస్తుంది. తెర మీద కనిపించే పేరు, సంతకం కింద అచ్చయ్యే పేరు విడివిడిగా పెట్టే వీలుందా అని ఐటీ వాళ్లను అడిగించండి.

ఇక కాగితాల వరస. 2019 ట్రాన్స్‌జెండర్ వ్యక్తుల హక్కుల పరిరక్షణ చట్టం కింద కలెక్టరు ఇచ్చే ధ్రువపత్రం, తర్వాత ఆధార్, వెంటనే పాన్, బ్యాంకు, పీఎఫ్. ఆధార్ మార్చి మిగతావి నెలల తరబడి వదిలేస్తే పీఎఫ్‌లో పేరు కలవక క్లెయిములు ఆగిపోతాయి. ఆ తర్వాత యూనివర్సిటీ, మెడికల్ కౌన్సిల్. గెజిట్ ప్రకటన అడుగుతారేమో ఈ రెండు ఆఫీసుల్లోనూ మొదట్లోనే కనుక్కోండి, దానికే ఎక్కువ సమయం పట్టవచ్చు. కౌన్సిల్‌లో పేరు మారిన వారంలోనే రబ్బరు ముద్ర, ఇండెమ్నిటీ పాలసీ (చికిత్సలో పొరపాటు జరిగిందన్న కేసులకు డాక్టరు తీసుకునే బీమా) కూడా మార్పించుకోండి.

ఇంత చేసినా కదలకపోతే, అదే చట్టం 11వ సెక్షన్ ప్రకారం ప్రతి సంస్థా ఒక ఫిర్యాదుల అధికారిని నియమించాలి. 2020 నియమాల ప్రకారం ఆ అధికారి 15 రోజుల్లో విచారించాలి, నివేదిక అందాక సంస్థ అధిపతి మరో 15 రోజుల్లో చర్య తీసుకోవాలి. ప్రైవేటు ఆస్పత్రి కూడా దీనికి లోబడాల్సిందే. మీ ఆస్పత్రిలో ఆ అధికారి ఎవరని మెయిల్‌లో అడగండి. చాలాచోట్ల ఆ ప్రశ్న వచ్చాకే నియామకం జరుగుతుంది.

ప్రశ్న: మా దగ్గర ఒక ట్రాన్స్ డాక్టర్ ఉన్నారు. పనిలో వంక పెట్టడానికి లేదు. కానీ కొందరు రోగుల బంధువులు "వేరే డాక్టర్ని పంపండి" అని ఫ్రంట్ ఆఫీసులో గొడవ పెడుతున్నారు. ఆ డాక్టర్ని కొన్నాళ్లు మెడికల్ రికార్డ్స్‌కు మార్చమని విభాగాధిపతి అంటున్నారు.
– ఆపరేషన్స్ మేనేజర్, కరీంనగర్

జవాబు: మార్చవద్దు. రోగి బంధువు గొంతు పెంచాడని డాక్టర్ని రికార్డుల గదిలో కూర్చోబెడితే అది 2019 ట్రాన్స్‌జెండర్ చట్టం 9వ సెక్షన్ వద్దన్న వివక్షే అవుతుంది. పైగా గొడవ పెడితే పని జరుగుతుందని అందరికీ నేర్పినట్టే. 2022లో హైదరాబాద్ ఉస్మానియా ఆస్పత్రిలో ఇద్దరు ట్రాన్స్ డాక్టర్లను రోగులను చూసే పనికే తీసుకున్నారు.

ఫ్రంట్ ఆఫీసుకు ఒకే మాట నేర్పండి: "ఇప్పుడు డ్యూటీలో ఉన్నది ఈ డాక్టర్ గారే. వీరే చూస్తారు. వేరే డాక్టరు కావాలంటే వారి ఓపీ ఫలానా టైముకు, అప్పటిదాకా ఆగాలి." క్షమాపణ వద్దు, సంజాయిషీ అసలే వద్దు. రోగి స్పృహలో ఉండి తానే వద్దంటే బలవంతం చేయలేం. ఆలస్యం వల్ల వచ్చే ప్రమాదం చెప్పి, చెప్పిన సమయంతో సహా కేస్ షీటులో రాయించి సంతకం తీసుకోండి. దూషిస్తే సెక్యూరిటీని పిలవాల్సింది మీరు, డాక్టర్ కాదు. సున్నితమైన పరీక్షకు మహిళా సిబ్బంది తోడు కావాలని రోగి అడగడం వేరు. ఆ ఏర్పాటు ఏ డాక్టరుకైనా ఒకేలా ఉండాలి.

విభాగాధిపతిని ఆయన సూచన రాసి ఇవ్వమనండి. రాతలో పెట్టాల్సి వచ్చేసరికి చాలామంది వెనక్కి తగ్గుతారు.

ప్రశ్న: సర్జరీ కోసం సెలవు అడిగిన ట్రాన్స్ డాక్టర్ని, ఏ సర్జరీ అని హెచ్‌ఆర్ అడగవచ్చా?
– హెచ్‌ఆర్ ఎగ్జిక్యూటివ్, గుంటూరు

జవాబు: అడగక్కర్లేదు. "శస్త్రచికిత్స, ఇన్ని రోజుల విశ్రాంతి, ఫలానా తేదీ నుంచి డ్యూటీకి ఫిట్" అన్న సర్టిఫికెట్ చాలు. హెర్నియా ఆపరేషన్‌కు ఎన్ని ప్రశ్నలు వేస్తారో దీనికీ అన్నే. ఆ చికిత్స మీ ఆస్పత్రిలోనే జరుగుతుంటే ఇంకో పని ఉంది. ఆ కేస్ షీటును చికిత్స చేసే బృందం తప్ప మరెవరూ సాఫ్ట్‌వేర్‌లో తెరవకుండా కట్టడి చేయించండి, ఎవరెవరు తెరిచారో నెలకోసారి జాబితా తీయించండి.