58కి పెన్షన్ మొదలుపెట్టాను, ఉద్యోగం మాత్రం ఇంకో ఏడాదిన్నర చేశాను

మీరు అడిగింది ఇది. ఇంకో నాలుగు నెలల్లో మీకు 58 నిండుతాయి. గాజువాక ఆటోనగర్‌లో మీరు పనిచేసే కంపెనీ వాళ్లు రెండేళ్లు ఎక్స్‌టెన్షన్ ఇస్తామంటున్నారు. పీఎఫ్ పెన్షన్ ఇప్పుడే పెట్టుకోవాలా, 60 దాకా ఆగితే ఎనిమిది శాతం పెరుగుతుందంటున్నారు కాబట్టి ఆగాలా? నేను కూడా ఆ చుట్టుపక్కలే ఒక ప్రైవేటు ఫ్యాక్టరీలో ఫోర్‌మన్‌గా చేసి 2023 డిసెంబరులో దిగిపోయాను. పెన్షన్ మాత్రం 2022 జూన్‌లో, 58 నిండగానే మొదలుపెట్టించుకున్నాను. ఎందుకలా చేశానో చెబుతాను.

ముందు ఒక్క మాట. పని మానేయడం వేరు, పెన్షన్ తీసుకోవడం వేరు. ఈపీఎస్-95లో, అంటే పీఎఫ్‌తో పాటు వచ్చే 1995 నాటి ఉద్యోగుల పెన్షన్ పథకంలో, 58 నిండితే, మీరు ఇంకా డ్యూటీకి వెళ్తున్నా సరే, పెన్షన్ మీ హక్కు. ఇది తెలియక మా షాప్‌ఫ్లోర్‌లో ఎంతమంది ఏళ్ల తరబడి ఊరుకున్నారో చెప్పలేను. నేను పెన్షన్ దరఖాస్తు, ఫారం 10డీ, నింపుతుంటే పక్క మెషీన్ అతను, "ఏటి మావా, ఉజ్జోగంలో ఉండగా పెన్సనెవుడిస్తాడు?" అన్నాడు. ఇస్తారు. ఆ రోజు నుంచి కంపెనీ మీ తరఫున పెన్షన్ ఖాతాలో వేసే డబ్బు అక్కడ ఆగిపోయి, మొత్తం మీ పీఎఫ్‌లోనే పడుతుంది. జీతం, పెన్షన్ రెండూ వస్తాయి.

ఇక 60 దాకా ఆగడం గురించి. ఏడాదికి నాలుగు శాతం చొప్పున పెరుగుతుందన్న మాట నిజమే. 2016 నుంచి ఆ వీలు ఉంది. కానీ శాతం చూసి మోసపోకండి, కాగితం మీద లెక్క వేసి చూడండి. మీకు 58కి నెలకు 4,000 వస్తుందనుకుందాం. రెండేళ్లు ఆగితే వదులుకునేది 24 నెలలు, అంటే 96,000. తర్వాత పెరిగేది ఎనిమిది శాతం, అంటే నెలకు 320. ఆ 96,000 తిరిగి చేతికి రావడానికి 300 నెలలు, పాతికేళ్లు పడుతుంది. 85 ఏళ్లకు సరికి సరి అన్నమాట. పైగా మన పెన్షన్‌కు డీఏ, అంటే ధరలతో పాటు పెరిగే కరువు భత్యం, లేదు. ఈ రోజు నాలుగు వేలంటే ఇంకో పాతికేళ్లకూ నాలుగు వేలే. ఇప్పుడు రైతుబజారులో ఆ డబ్బుకు వచ్చే సరుకు అప్పుడు రాదు. కాబట్టి ఊరికే ఆగడం నా దృష్టిలో నష్టమే.

ఆగుతూనే రెండేళ్లు పెన్షన్ ఖాతాకు డబ్బు కట్టించుకునే దారి ఇంకొకటి ఉంది. దాని లెక్క వేరు. జీతం ఎంత ఉన్నా పెన్షన్‌కు మామూలుగా లెక్కలోకి వచ్చేది 15,000 వరకే. పెరిగిన ఒక్కో ఏడు సర్వీసుకు 15,000ను 70తో భాగిస్తే 214 రూపాయలు. రెండేళ్లకు 428. ఆ మొత్తం మీద ఎనిమిది శాతం వేస్తే మీ 4,000 దాదాపు 4,780 అవుతుంది. వదులుకున్న 96,000కు, పీఎఫ్‌లో పడాల్సింది పెన్షన్‌లోకి పోయిన నెలకు 1,250 చొప్పున 30,000 కూడా కలపాలి. ఇది తేరుకోవడానికి పదమూడున్నర ఏళ్లు పడుతుంది, అంటే 73 దాటాలి. మీ అమ్మానాన్నలు ఎనభై దాటి బతికినవాళ్లయి, మీకు బీపీ షుగర్ లేకుండా, ఆ నాలుగు వేలు లేకపోయినా ఇల్లు నడుస్తుందంటే ఇది తీసిపారేసే మాట కాదు. మీ ఆవిడ మీకన్నా బాగా చిన్నదైతే ఇంకొంచెం కలిసొస్తుంది. మన తర్వాత వాళ్లకు వచ్చేది మన పెన్షన్‌లో సగం, ఆ సగమూ పెరిగిన దాని మీదే లెక్క. మా నాన్న 66కే పోయారు, నాకు షుగర్ ఉంది. నేను ఆగలేదు.

అసలు మీకు ఎంత వస్తుందో తెలుసుకున్నారా? ఇక్కడే చాలామంది బోల్తా పడతారు. 15,000ను 28 ఏళ్లతో గుణించి 70తో భాగించి ఆరు వేలు వస్తుందని ఆశ పెట్టుకుంటారు. నేనూ అలాగే పెట్టుకున్నాను. 15,000 పరిమితి వచ్చింది 2014 సెప్టెంబరు 1న. అంతకు ముందు 6,500. ఆ తేదీకి ముందు చేసిన సర్వీసుకు 6,500 మీద, తర్వాత చేసినదానికి 15,000 మీద విడివిడిగా లెక్కేసి కలుపుతారు. నాకు 1997 నుంచి 2022 దాకా పాతికేళ్లు. అందులో 17 ఏళ్లు పాత పరిమితి కింద, 8 ఏళ్లు కొత్తదాని కింద వచ్చాయి. ఇరవై ఏళ్లు దాటి 58 నిండినవాళ్లకు కలిపే రెండేళ్ల బోనస్‌తో సహా నాకు తేలింది మూడున్నర వేల పైచిలుకు. ఆ అంకె చూసిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. పాతికేళ్ల చాకిరీకి ఇంతేనా అనిపించింది. మా బావ ప్రభుత్వ బడిలో హెడ్మాస్టరు. 2022లో రాష్ట్ర ఉద్యోగుల వయసు 62కి పెంచాక ఇంకా సర్వీసులో ఉన్నారు, రేపు దిగినా డీఏతో పెరిగే పెన్షన్ ఆయనది. ఆయన మంచి మనసుతోనే "తొందరెందుకోయ్, ఆగు" అన్నారు. 2004 సెప్టెంబరుకు ముందు చేరి పాత పెన్షన్ ఉన్న ఆ ఉద్యోగుల లెక్క మనకు వర్తించదు. ప్రభుత్వ ఉద్యోగం చేసిన చుట్టాల సలహా ప్రేమగా వినండి, నిర్ణయం మాత్రం మీ పీఎఫ్ పాస్‌బుక్ చూసి తీసుకోండి.

పాస్‌బుక్ అంటే గుర్తొచ్చింది. ఈ నాలుగు నెలలూ మీరు చేయాల్సిన అసలు పని మీ పీఎఫ్ కాగితాల్లో పేర్లు, తేదీలు, సర్వీసు సరిచూసుకోవడం. ఇంకేదైనా దీని తర్వాతే.

మా షాపులో ఒక వెల్డరు ఉండేవాడు. నాకన్నా ఏడాది పెద్ద, చేతిపనిలో అంత నాణ్యత నేను మళ్లీ చూడలేదు. అతనికి 58 నిండినా, ఉద్యోగం మానాకే పెన్షన్ అనుకుని ఊరుకున్నాడు. ఏడాది తిరగకుండానే ఒక తెల్లవారుజామున గుండెపోటుతో పోయాడు. వాళ్ల ఆవిడకు రావాల్సిన పెన్షన్ కోసం నేను కూడా తిరిగాను. ఆధార్‌లో అతని పేరు ఇంటిపేరుతో సహా పూర్తిగా ఉంది. పీఎఫ్‌లో ఇంటిపేరుకు ఒక్క పొడి అక్షరం. నామినేషన్‌లో ఆవిడ పేరు ఇంట్లో పిలిచే పేరు, ఆధార్‌లో అసలు పేరు. అతని పుట్టినతేదీ బడి సర్టిఫికెట్‌లో మాస్టారు వేసిన జులై 1, ఆధార్‌లో జనవరి 1. ఒక్కొక్కటీ సరిచేయించడానికి జాయింట్ డిక్లరేషన్ అనే సవరణ కాగితం, దాని మీద కంపెనీ సంతకం, మళ్లీ తిరుగుడు. ఎనిమిది నెలలు పట్టింది. మనిషి బతికుండగా అయితే ఒక్క సంతకంతో పోయే పని, ఆవిడ పసుపుకుంకాలు పోయిన దుఃఖంలో కాగితాలు పట్టుకుని వరండాల్లో కూర్చోవాల్సి వచ్చింది. అది కళ్లారా చూశాకే నేను నా కాగితాలన్నీ బయటకు తీశాను.

తీస్తే నాకూ ఒక గండం కనిపించింది. 1997 నుంచి 2003 దాకా చేసిన మొదటి కంపెనీ పీఎఫ్ నంబరు వేరుగా ఉండిపోయింది, ఇప్పటి యూఏఎన్‌లో (మన పీఎఫ్ ఖాతాలన్నిటినీ కలిపే ఒకే నంబరులో) కలవలేదు. ఆ ఆరేళ్లూ లేకపోతే నా సర్వీసు ఇరవై ఏళ్లు దాటేది కాదు, రెండేళ్ల బోనసూ పోయేది. కలిపించుకోవడానికి మూడు నెలలు పట్టింది. నా స్నేహితుడొకడికి ఆ అదృష్టం కూడా లేదు. కంపెనీ మారినప్పుడు చెల్లెలి పెళ్లి ఖర్చుకని ఫారం 10సీ పెట్టి పెన్షన్ డబ్బు కూడా తీసేసుకున్నాడు. అప్పట్లో చేతికొచ్చింది కొద్ది వేలే, దాంతో ఆ సర్వీసంతా తుడిచిపెట్టుకుపోయింది. మీరు ఎక్కడైనా అలా తీసి ఉంటే ఆ ఏళ్లను లెక్కలో వేసుకోకండి. మొత్తం సర్వీసు పదేళ్లకు తగ్గితే నెలనెలా పెన్షన్ రాదు, ఒక్కసారి వచ్చే సొమ్ము మాత్రమే వస్తుంది.

50 దాటితే ముందుగానే తీసుకోవచ్చు కదా అని మీ ప్రశ్న కింద ఒకాయన అడిగారు. తీసుకోవచ్చు, ఉద్యోగం మానేసి ఉండాలి. 58కి ఎన్నేళ్లు తక్కువైతే ఏడాదికి నాలుగు శాతం చొప్పున కోత, అది జీవితాంతం ఉంటుంది. 58 అయ్యాక ఆ కోత తీసేస్తారనుకోకండి, తీయరు.

ఇక పని ఎప్పుడు మానాలి అన్నది. దీన్ని పెన్షన్ తేల్చదు. మూడున్నర వేలు చూసి ఎవరూ ఉద్యోగం మానరు, మానకుండానూ ఉండరు. నాకు తేల్చింది నా మోకాళ్లు. ఇరవై ఏళ్లుగా, కరోనా ఏళ్లు తప్పిస్తే, ఆషాఢ పౌర్ణమికి సింహాచలం అప్పన్న గిరి ప్రదక్షిణ మానలేదు. ముప్పై రెండు కిలోమీటర్లు, రాత్రంతా నడిచి తెల్లారేసరికి కొండ కింద ఉండేవాణ్ణి. 2023లో అడవివరం దాటి హనుమంతవాక వచ్చేసరికి కాళ్లు మొరాయించాయి. రోడ్డు పక్కన మజ్జిగ ఇస్తున్న పిల్లలు కుర్చీ వేసి కూర్చోబెట్టారు. మా ఆవిడ పక్కన నిలబడి ఏమీ అనలేదు. ఇంటికొచ్చాక ఒక్క మాట అంది: "ఏమండీ, పన్నెండు గంటలు ఇనుము మీద నిలబడ్డ కాళ్లవి. ఇక అప్పన్నకిచ్చేద్దాం." ఎక్స్‌టెన్షన్ ఇంకో ఏడాది ఉండగానే డిసెంబరులో మానేశాను.

కానీ మానే ముందు మూడు విషయాలు కుదుర్చుకున్నాను. అవి కుదరకపోతే నొప్పి ఓర్చుకుని ఇంకో ఆరు నెలలు ఉండేవాణ్ణేమో.

మొదటిది అప్పు. కూర్మన్నపాలెంలో కట్టుకున్న ఇంటి లోను ఆఖరి వాయిదా కట్టాకే రాజీనామా కాగితం ఇచ్చాను. రెండోది వైద్యం. కంపెనీ గ్రూప్ మెడిక్లెయిము మనం గేటు దాటిన రోజుతో ఆగిపోతుంది. ఇద్దరికీ సొంత పాలసీ 56లోనే తీసుకున్నాను. షుగర్‌కు మా పాలసీలో మూడేళ్లు ఆగాలి, ఉద్యోగంలో ఉండగానే అది చాలావరకు గడిచింది. 70 నిండినవాళ్లందరికీ ఆయుష్మాన్ భారత్ కింద ఏడాదికి ఐదు లక్షల వైద్యం ఉంది, కానీ 60కీ 70కీ మధ్య పదేళ్లు మన బాధ్యతే. మీకు ఈఎస్ఐ (కార్మికుల బీమా వైద్యం) ఉండి, కనీసం ఐదేళ్లు అందులో ఉండి రిటైరైతే, ఏడాదికి 120 రూపాయలు కట్టి మీరూ మీ ఆవిడా ఆ వైద్యం కొనసాగించుకోవచ్చు. చాలామంది వదిలేస్తున్నారు, మీరు వదలకండి.

మూడోది నెలవారీ ఆదాయం. నేను దిగిన నాటికి గ్రాట్యుటీ లెక్క సులువు: ఆఖరి బేసిక్, డీఏ కలిపి 26తో భాగించి, 15తో గుణించి, ఆ వచ్చినదాన్ని సర్వీసు ఏళ్లతో గుణించాలి. నా ఆఖరి బేసిక్ 26,000 కాబట్టి ఏడాదికి 15,000 చొప్పున ఇరవై ఏళ్లకు మూడు లక్షలు వచ్చింది. అది, పీఎఫ్‌లో కొంత కలిపి 60 నిండగానే పోస్టాఫీసులో సీనియర్ సిటిజన్ సేవింగ్స్ స్కీములో పన్నెండు లక్షలు వేశాను. 8.2 శాతం వడ్డీకి మూడు నెలలకోసారి 24,600 వస్తోంది. పెన్షన్‌తో కలిపితే నెలకు పన్నెండు వేలకు కాస్త తక్కువ. ఇద్దరికీ తిండికి, మందులకు సరిపోతోంది. అమ్మాయి పెళ్లికని విడిగా పెట్టింది ముట్టుకోలేదు.

మీ విషయంలో ఒక్కటి కచ్చితంగా చేయండి. ఎక్స్‌టెన్షన్ అంటున్నారు కదా, అది పాత సర్వీసుకు కొనసాగింపా, లేక 58కి లెక్క తేల్చేసి కొత్తగా కాంట్రాక్టా అన్నది కాగితం మీద రాయించుకోండి. కొనసాగింపైతే గ్రాట్యుటీకి ఆ రెండేళ్లూ కలుస్తాయి. కొత్త కాంట్రాక్టైతే 58 నాటి గ్రాట్యుటీ అప్పుడే ఇప్పించుకోండి. నోటిమాట నమ్మి పోగొట్టుకున్నవాళ్లను చూశాను.

మీ స్థానంలో నేనుంటే ఈ వారమే యూఏఎన్ పోర్టల్‌లో మీ పేరు, తండ్రి పేరు, పుట్టినతేదీ, పాత కంపెనీల సర్వీసు, మీ ఆవిడ పేరుతో ఈ-నామినేషన్ సరిచూసుకుంటాను. 58 నిండిన నెలలోనే 10డీ పెడతాను. ఇద్దరూ కలిసి దిగిన ఫొటో ఒకటి కావాలి, ఇప్పుడే తీయించుకోండి. పెన్షన్ మొదలయ్యాక ఏడాదికోసారి జీవన్ ప్రమాణ్, అంటే బతికే ఉన్నామన్న ధ్రువపత్రం, ఇవ్వాలి. ఇప్పుడు ఫోన్లో ముఖం చూపించి ఇంట్లోంచే ఇచ్చేయొచ్చు, ఇచ్చిన రోజు నుంచి ఏడాది చెల్లుతుంది. పీపీఓ నంబరు, అంటే పెన్షన్ మంజూరు కాగితం మీద ఉండే నంబరు, ఒక కాగితం మీద రాసి మీ ఆవిడ చేతికివ్వండి. మా ఇంట్లో అది బియ్యం డబ్బా మూత లోపల అతికించి ఉంది. రోజూ మూత తీసేది ఆవిడే కాబట్టి.