నైస్ 19 పెట్టినా బిల్డ్ నడిచేటప్పుడు టైపింగ్ ఎందుకు ఆగుతోంది?

మేక్‌ను (కోడ్‌ను బిల్డ్ చేసే ప్రోగ్రామ్) నైస్ 19తో, అంటే అన్నిటికన్నా తక్కువ ప్రాధాన్యతతో నడిపినా ఎడిటర్‌లో అక్షరాలు ఆగి ఆగి పడుతున్నాయి, మనిషి ఏ ప్రోగ్రామ్ ముందు కూర్చున్నాడో లైనక్స్‌కు తెలియదా అని అడిగారు. తెలియదు. విండోస్ ముందున్న విండోను గుర్తించి దానికి మొగ్గు చూపుతుంది. లైనక్స్ కెర్నల్‌కు విండోల సంగతే పట్టదు. ఎవరు తమ వాటా కన్నా తక్కువ సీపీయూ వాడారన్నదే దాని లెక్క.

ఒకప్పుడు ఊహించేది. పాత ఓ(1) షెడ్యూలర్ (సీపీయూ వంతులు పంచే కెర్నల్ భాగం) ఎక్కువసేపు నిద్రపోయే టాస్క్‌ను ఇంటరాక్టివ్, అంటే మనిషి వాడుతున్నది అనుకుని ప్రయారిటీలో 5 మెట్ల వరకు బోనస్ ఇచ్చేది. ఆ ఊహ తరచూ తప్పేది. 2007లో కెర్నల్ 2.6.23తో సీఎఫ్‌ఎస్ అనే కొత్త షెడ్యూలర్ వచ్చి ఆ పద్ధతిని తీసేసింది. 2023లో వచ్చిన కెర్నల్ 6.6 నుంచి ఈఈవీడీఎఫ్ అనే షెడ్యూలర్ నడుస్తోంది. ఇందులో వాటా మించి వాడని టాస్క్‌లకే అర్హత. వాటిలో వర్చువల్ డెడ్‌లైన్ (లెక్కగట్టిన గడువు) ముందున్నదానికి వంతు వస్తుంది. స్లైస్‌ను (ఒక వంతులో దొరికే సమయం) వెయిట్‌తో (నైస్‌ను బట్టి వచ్చే వాటా బరువు) భాగించి డెడ్‌లైన్‌ను లెక్కిస్తారు కాబట్టి, వెయిట్ పెద్దదైతే గడువు దగ్గరవుతుంది. నైస్ 0 వెయిట్ 1024, నైస్ 19 వెయిట్ 15. కాగితం మీద మీ ఎడిటర్ సులువుగా గెలవాలి.

గెలవకపోవడానికి నేను ముందు అనుమానించేది ఆటోగ్రూప్‌ను. 2.6.38లో వచ్చిన ఈ ఏర్పాటు ఒక్కో టెర్మినల్ సెషన్‌ను ఒక్కో గ్రూపుగా చూస్తుంది. నైస్ ఆ గ్రూపు లోపలే పనిచేస్తుంది, పక్క గ్రూపును తాకదు. మీరే చూడండి: ఆటోగ్రూప్ ఆన్‌లో ఉండగా రెండు టెర్మినళ్లలో చెరొక అంతులేని లూప్ పెట్టి, రెండింటినీ టాస్క్‌సెట్ కమాండ్‌తో కోర్ 0కే కట్టేయండి. ఒకదానికి నైస్ 19 ఇచ్చినా టాప్ కమాండ్‌లో రెండూ 50 శాతం దగ్గరే కనిపిస్తాయి. అవే రెండూ ఒకే టెర్మినల్‌లో నడిపితే సుమారు 98.6, 1.4 శాతం అవుతాయి. సిస్టమ్‌డీ (లైనక్స్‌లో సర్వీసులను నడిపే ప్రోగ్రామ్) సీపీయూ కంట్రోలర్‌తో గ్రూపులు కట్టిన చోట ఆటోగ్రూప్ పక్కకు తప్పుకుంటుంది గానీ, నైస్ గ్రూపు దాటదన్న నియమం మాత్రం అలాగే ఉంటుంది.

కాబట్టి తగ్గించాల్సింది గ్రూపు వెయిట్. ఆటోగ్రూప్ అయితే ప్రాక్ డైరెక్టరీలో ఆ మేక్ పిడ్ (ప్రాసెస్ నంబర్) కింద ఉన్న ఆటోగ్రూప్ ఫైల్‌లో 19 రాయండి. తగ్గించడానికి రూట్ అక్కర్లేదు. సిస్టమ్‌డీ గ్రూపులైతే సిస్టమ్‌డీ-రన్‌ను యూజర్, స్కోప్ ఆప్షన్లతో వాడి, సీపీయూవెయిట్ 20 పెట్టి మేక్‌ను మొదలుపెట్టండి. డిఫాల్ట్ 100. ఈ పోలిక పక్కపక్కనున్న గ్రూపుల మధ్యే జరుగుతుంది కనుక ఎడిటర్, బిల్డ్ ఒకే స్లైస్ (ఇక్కడ సిస్టమ్‌డీ గ్రూపు) కింద ఉన్నాయో లేదో సిస్టమ్‌డీ-సీజీఎల్‌ఎస్ కమాండ్‌లో ముందే చూసుకోండి.

ఎడిటర్‌కు ఫిఫో రియల్‌టైమ్ పాలసీ (మామూలు టాస్క్‌లన్నిటికన్నా ముందు నడిచే పద్ధతి) ఇవ్వమని ఎవరైనా చెబితే దయచేసి వినకండి. దానిలో ఒక్క లూప్ చిక్కుకున్నా ఆ కోర్ మీది మామూలు టాస్క్‌లన్నీ దాదాపు ఆగిపోతాయి.

ఇదంతా చేసినా మారకపోతే తప్పు షెడ్యూలర్‌ది కాకపోవచ్చు. ప్రాక్ కింద ప్రెషర్ డైరెక్టరీలో సీపీయూ, మెమరీ, ఐఓ అని ఫైళ్లుంటాయి. బిల్డ్ మధ్యలో మెమరీ ఫైల్‌లోని ఫుల్ వరుసలో ఏవీజీ10 (గత 10 సెకన్ల సగటు) సున్నా దాటి పెరుగుతుంటే, మెమరీ చాలక పనులు ఆగుతున్నాయన్నమాట, ఎడిటర్ కూడా తన పేజీలు స్వాప్ (మెమరీ చాలనప్పుడు డేటాను దాచే డిస్క్ చోటు) నుంచి తిరిగి రావడానికి ఆగుతుండవచ్చు. అప్పుడు ఏ ప్రయారిటీ పెట్టినా లాభం లేదు, మేక్ జాబ్‌ల సంఖ్యే సగానికి తగ్గించాలి.